సీసం సగటు 150, పరిమితి 300: 640 వచ్చిన శాంపిల్‌ను తీసేసి స్థలం శుభ్రమని రాయొచ్చా?

మీరు చెప్పిన వివరాలివి. పాత వర్క్‌షాప్ నడిచిన 2,000 చదరపు మీటర్ల స్థలం, పై పొర నుంచి 10 మట్టి శాంపిళ్ళు. సీసం కిలోకు మిల్లీగ్రాముల్లో 42, 55, 61, 70, 78, 95, 110, 140, 210, 640. స్థలం సగటుకు వర్తించే పరిమితి 300. ఇక మీ ప్రశ్న: 640ని అవుట్‌లయర్ (మిగతావాటికి దూరంగా పడిన విలువ) అని పక్కన పెట్టి రిపోర్టు ముగించొచ్చా?

ముగించకూడదు. ఆ 640ని ఉంచి లెక్కేసినా ఈ డేటాతో శుభ్రమని రాయడానికి వీల్లేదు.

150 అనేది మీ పది శాంపిళ్ళ సగటు, స్థలం సగటు కాదు. ఇంకో పది చోట్ల తవ్వితే ఇంకో అంకె వస్తుంది. అందుకే ఈ పనిలో స్థలం కలుషితమైందనే అనుకుని మొదలుపెడతాం. కాదని నిరూపించాల్సింది డేటాయే. అందుకు వాడేది 95 శాతం యూసీఎల్, అంటే అసలు సగటు ఎంతదాకా ఉండే అవకాశం ఉందో చెప్పే పై హద్దు. 300తో పోల్చాల్సింది సగటును కాదు, ఈ హద్దును.

లెక్క కట్టి చూడండి. ప్రామాణిక విచలనం 179. దాన్ని 10 వర్గమూలంతో భాగిస్తే 56.6. స్టూడెంట్ టీ పద్ధతిలో 56.6ను 1.833తో గుణించి సగటుకు కలిపితే 254, పరిమితి లోపలే. డేటా ఆకారం ఎలా ఉన్నా వర్తించే చెబిషెవ్ పద్ధతిలో గుణకం 4.36, అప్పుడు హద్దు 397, పరిమితి దాటింది. అవే పది అంకెలు, తీర్పులు మాత్రం రెండు. మధ్యగతం 86.5 ఉండి సగటు 150 ఉందంటే డేటా కుడివైపు బాగా సాగిందన్నమాట. ఇంత వాలు ఉన్న చిన్న డేటాలో టీ హద్దు ఉండాల్సినదానికన్నా కిందే ఆగిపోతుంది, పేరుకే 95 శాతం. చెబిషెవ్ అవసరానికి మించి పైకి పోతుంది. ఉన్న విలువల్లోంచే మళ్ళీ మళ్ళీ ఎంచి లెక్కేసే బూట్‌స్ట్రాప్ కూడా ఇక్కడ ఆదుకోదు, మీ పదిలో లేని పెద్ద విలువను అది పుట్టించలేదు. డేటా లాగ్‌నార్మల్ (లాగ్ తీస్తే గంట ఆకారంలో, అంటే నార్మల్‌గా పరుచుకునేది) అనుకుని వేసే హెచ్ యూసీఎల్ జోలికి అసలు పోవద్దు, చిన్న డేటాలో అది నమ్మశక్యం కాని అంకెలు ఇస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వారి ప్రోయూసీఎల్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇవన్నీ వేసి పెడుతుంది. కానీ అది సూచించిన వరసను కళ్ళు మూసుకుని ఎత్తి రాయకండి, ముందు క్యూ-క్యూ ప్లాట్ (డేటా నార్మల్‌గా ఉందో లేదో చూపే గ్రాఫ్) చూడండి. పరిమితి టీ, చెబిషెవ్ హద్దుల మధ్య పడిందంటే ఉన్న డేటా చాలదనే అర్థం.

ఇక 640 సంగతి. అవుట్‌లయర్‌ను పట్టే డిక్సన్ పరీక్ష నేరుగా వేస్తే 0.735 వస్తుంది. పదికి, 5 శాతం స్థాయిలో హద్దు 0.477 కాబట్టి అవుట్‌లయరే. అవే విలువలకు లాగ్ తీసి వేస్తే 0.454, అవుట్‌లయర్ కాదు! ఆ పరీక్ష మిగతా డేటా నార్మల్ అని ముందే అనుకుంటుంది, మట్టిలో సీసం చాలాసార్లు అలా ఉండదు. పైగా దూరంగా ఉన్న విలువ తప్పుడు విలువ అని ఏ పరీక్షా చెప్పదు. తీసేయాలంటే భౌతికమైన కారణం కావాలి: డైల్యూషన్ గుణకం (ద్రావణాన్ని ఎన్ని రెట్లు పలుచన చేశారనే లెక్క) తప్పడం, లేబుళ్ళు తారుమారవడం లాంటివి. ల్యాబ్‌ను ముడి రీడింగులు అడగండి, అదే సీసాలోంచి మళ్ళీ రెండు మూడు భాగాలు తీసి పరీక్ష చేయించండి.

ఆ భాగాలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తే ఆశ్చర్యపోకండి. ల్యాబ్ ఆమ్లంలో కరిగించేది దాదాపు ఒక గ్రాము మట్టి. అందులో 10 శాతం సీసం ఉన్న పాత పెయింటు పెచ్చు 5 మిల్లీగ్రాములది పడిందంటే, అదొక్కటే ఫలితాన్ని 500 పెంచేస్తుంది. అప్పుడు కూడా 640 అబద్ధం కాదు, సీసం రేణువుల రూపంలో ఉందని అది చెబుతోంది. మట్టిని ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, బాగా కలిపాకే భాగం తీయమని ముందే రాసివ్వాలి.

పది బిందువులు ఏం పట్టగలవో కూడా చూసుకోండి. చతురస్రపు గ్రిడ్‌లో గుండ్రటి హాట్‌స్పాట్‌ను (సీసం పోగైన మచ్చను) 95 శాతం అవకాశంతో పట్టాలంటే దాని వ్యాసార్థాన్ని 0.59తో భాగించినంత ఎడం ఉండాలి. మీ పదీ సమంగా పరిచి ఉన్నా ఎడం 14 మీటర్లు, అంటే 8.3 మీటర్ల కన్నా చిన్న వ్యాసార్థం ఉన్న మచ్చ తప్పించుకోవచ్చు. 5 మీటర్ల మచ్చను పట్టాలంటే ఎడం 8.5 మీటర్లు, బిందువులు 28 దాకా.

కాబట్టి రెండు పనులు విడివిడిగా చేయండి. 640 చుట్టూ నాలుగు దిక్కులా రెండు మూడు మీటర్ల దూరంలో, లోతులో కూడా తీసి ఆ మచ్చ ఎంత మేర ఉందో తేల్చండి. ఈ శాంపిళ్ళను సగటులో మాత్రం కలపొద్దు. వెతుక్కుంటూ వెళ్ళి తీసినవి కలిస్తే సగటు పక్కదారి పడుతుంది. సగటు కోసం గ్రిడ్ నింపండి. లేదా ఇంక్రిమెంటల్ పద్ధతి: స్థలమంతటా 30 నుంచి 100 చిన్న చిన్న భాగాలు తీసి ఒకే శాంపిల్‌గా కలపడం, ఇదంతా కొత్త చోట్లలో మూడుసార్లు. సగటుకు ఇంతకన్నా గట్టి పద్ధతి లేదని నా అభిప్రాయం, కానీ మచ్చ ఎక్కడుందో అది చెప్పదు.

కాడ్మియంలో ఆరు శాంపిళ్ళకు "<0.5" (0.5 కన్నా తక్కువ, ల్యాబ్ గుర్తించలేనంత) వచ్చిందని, సగం అంటే 0.25 వేసి సగటు కట్టానని కూడా రాశారు. సగం వేయడం మానేయండి. లేని విలువను కల్పించి విచలనాన్ని అది చెడగొడుతుంది. ల్యాబ్ గుర్తించిన విలువలు సరిపడా ఉంటే, ఇలాంటి 'కన్నా తక్కువ' ఫలితాలను కలుపుకుని సగటు కట్టే కాప్లాన్-మేయర్ పద్ధతి వాడొచ్చు, నాలుగే ఉంటే యూసీఎల్‌కు బలం చాలదు. ఆ నాలుగు విలువలు, 0.5 రెండూ పరిమితికి బాగా కిందుంటే ఆ సంగతే ఉన్నదున్నట్టు రాయండి. 0.5 పరిమితికన్నా ఎక్కువైతే ఆ ఆరు ఫలితాలూ పనికిరావు. ఇంకా తక్కువ మోతాదును గుర్తించే పద్ధతిలో మళ్ళీ చేయించాలి.