30 వేల స్ట్రోలర్ నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది మియాపూర్. పాపకి నాలుగో నెల నడుస్తోంది. మావారి జీతం చేతికి 62 వేలు, నాది 38 వేలు. నా మెటర్నిటీ లీవు ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. అద్దె 22 వేలు, కారు ఈఎంఐ 11,500 (వ్యాగన్‌ఆర్ సీఎన్‌జీ). సేవింగ్స్‌లో 90 వేలున్నాయి. మావారు 30 వేలలో ఒక ట్రావెల్ సిస్టమ్ చూశారు. స్ట్రోలర్ (పాపని కూర్చోబెట్టి తోసే బండి), దాని మీదే బిగించుకునే కార్ సీటు రెండూ కలిపి వస్తాయి. నో కాస్ట్ ఈఎంఐలో నెలకి 2,500 పెద్ద లెక్క కాదంటున్నారు. మా అత్తయ్యగారు నాలుగు వేల బండి చాలంటున్నారు. నేను ఆఫీసుకెళ్లాక పాపని చూసుకునేది ఆవిడే, కాస్త మోకాళ్ల నొప్పులున్నాయి. మా ఆడపడుచు తన పాత స్ట్రోలర్ ఇస్తానంటోంది. రోజూ సాయంత్రం అపార్ట్‌మెంట్ లోపలే తిప్పుతాం, ఆదివారాలు కారులో బయటికెళ్తాం, ఏడాదికి రెండు మూడుసార్లు రైల్లో రాజమండ్రి వెళ్తాం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఈఎంఐ సంగతి తేల్చేద్దాం. నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదు. వడ్డీ ఎంతవుతుందో అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు డిస్కౌంటుగా తగ్గించి చూపిస్తారు, బ్యాంకు అదే మొత్తాన్ని మీ దగ్గర వడ్డీగా వసూలు చేస్తుంది. మీ లెక్కే చూడండి. 30,000 రూపాయలకి 12 నెలలు, కార్డు వడ్డీ 15 శాతం అనుకుంటే, బ్యాంకు ఇచ్చే అప్పు దాదాపు 27,700, వడ్డీ 2,300. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 414 రూపాయలు మీ కార్డు బిల్లులోనే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 199 పెట్టినా జీఎస్టీతో 235. మొత్తం 650 రూపాయలు. సున్నా వడ్డీ అన్నదే ఉండదని, అసలు ఖర్చు దాచిపెట్టి అమ్మొద్దని ఆర్‌బీఐ 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకి చెప్పింది.

650 రూపాయలకి ఎవరూ దివాలా తీయరు. అసలు నష్టం వేరేచోట ఉంది. మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారని షాపులో అడిగి చూడండి. చాలాసార్లు వెయ్యో రెండు వేలో తగ్గుతుంది, ఈఎంఐ పెట్టగానే ఆ మాట పోతుంది. ఏ నెలైనా కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మిగిలిన బాకీ మీద వడ్డీ ఏడాదికి 40 శాతం కూడా దాటొచ్చు. వస్తువు వెనక్కిచ్చేసినా ప్రాసెసింగ్ ఫీజు సాధారణంగా తిరిగి రాదు. ఇంటి ఖర్చులన్నీ కలిపి నెలకి 65 వేలు అనుకుంటే మీ 90 వేలు నెలన్నరకి కూడా చాలవు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే 3 లక్షల 90 వేలు పక్కన ఉండాలి. అది లేనప్పుడు కొత్త ఈఎంఐ వద్దు.

ఇక వస్తువు దగ్గరికొద్దాం. ట్రావెల్ సిస్టమ్‌లో మీరు ఎక్కువ డబ్బు పెట్టేది ఆ కార్ సీటు స్ట్రోలర్ ఫ్రేము మీద టక్కున కూర్చోవడానికి. నిద్రపోయిన బిడ్డని లేపకుండా కారులోంచి బండి మీదకి మార్చొచ్చన్నది దాని సుఖం. కానీ అందులో వచ్చేది పసిపిల్లల సీటు. 13 కిలోల దాకా అని రాసి ఉన్నా, పాప తల సీటు పై అంచుని అందుకుందంటే దాని పని అయిపోయినట్టే. చాలామంది పిల్లలు ఏడాది, ఏడాదిన్నర మధ్యలోనే ఆ పొడవుకొస్తారు. మీ పాపకి ఇప్పటికే నాలుగో నెల. మహా అయితే ఇంకో ఏడాది వాడతారు, ఆ తర్వాత పెద్ద కార్ సీటు మళ్లీ కొనాలి. పైగా ఆ సుఖం కూడా అనుకున్నంత ఉండదు. కార్ సీటులో వీపు వంగి, గడ్డం ఛాతీకి ఆనితే పసివాళ్లకి ఊపిరి సరిగ్గా ఆడదు. అది ప్రయాణం వరకే, అందులోనే గంటలకొద్దీ నిద్రపుచ్చకూడదు.

మీ కారు చెప్పే జవాబు ఇంకా సూటిగా ఉంది. సీఎన్‌జీ వ్యాగన్‌ఆర్ డిక్కీలో సిలిండర్ కూర్చుని ఉంటుంది. ట్రావెల్ సిస్టమ్ స్ట్రోలర్లు మామూలుగా 10 నుంచి 13 కిలోలు, మడిచినా పెద్ద సూట్‌కేసంత ఉంటాయి. అవి ఆ డిక్కీలో పట్టవు. వెనక సీటు మీద పెడదామంటే సగం కార్ సీటుకి పోతుంది, మిగతా సగంలో మీరో అత్తయ్యగారో కూర్చోవాలి. మీవారు చూసినచోట కారు పెట్రోలుదై ఉంటుంది!

కాబట్టి రెండూ విడివిడిగా కొనండి, కార్ సీటు ముందు. స్ట్రోలర్ లేకపోతే ఎత్తుకుంటారు, కారులో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మాత్రం రక్షణ కాదు. సడన్ బ్రేకు పడితే ఎంత గట్టిగా పట్టుకున్నా చేతులు ఆపలేవు. చట్టం కూడా 14 ఏళ్లలోపు పిల్లలకి బెల్టో పిల్లల సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అంటోంది (మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 194బి). పుట్టినప్పటి నుంచి 18 కిలోల దాకా పనికొచ్చే కన్వర్టిబుల్ సీటు (మొదట వెనక్కి, తర్వాత ముందుకి తిప్పి పెట్టుకునేది) 7 నుంచి 10 వేలలో దొరుకుతుంది, మూడు నాలుగేళ్ల వయసు దాకా సరిపోతుంది. సీటు వెనక ఈసీఈ ఆర్44 లేదా ఆర్129 (భద్రతా ప్రమాణాల పేర్లు) అని నారింజ రంగు లేబుల్ ఉందో లేదో చూడండి. పాప ముఖం కారు వెనకవైపుకి ఉండేలా, వెనక సీటులోనే బిగించాలి. కనీసం 15 నెలలు వచ్చేదాకా అలాగే ఉంచండి. ముందు సీటులో ఎయిర్‌బ్యాగ్ ఉన్నచోట ఈ సీటు ఎప్పుడూ పెట్టకూడదు.

ఇక్కడ చాలామంది ఇరుక్కునేది బెల్టు పొడవు దగ్గర. వెనక్కి తిప్పి పెట్టిన సీటు చుట్టూ కారు బెల్టు మొత్తం తిరిగి రావాలి. చిన్న కార్లలో నాలుగైదు అంగుళాలు తక్కువై బకుల్ అందదు. అందుకే డబ్బు కట్టకముందే షాపు కుర్రాణ్ని కారు దగ్గరికి రమ్మని బిగించి చూపించమనండి. మీ కారులో ఐసోఫిక్స్ కొక్కేలుంటే (బెల్టు లేకుండా సీటుని నేరుగా తగిలించేవి) ఆ రకం సీటు ఇంకా సులువు, కాకపోతే ధర ఎక్కువ. కార్ సీటు మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు. ప్రమాదంలో దెబ్బతిన్నదీ లేనిదీ బయటికి కనిపించదు, ప్లాస్టిక్‌కి వయసు పరిమితి కూడా ఉంటుంది.

స్ట్రోలర్ దగ్గర మీ అత్తయ్యగారి మాట సగం నిజం. నాలుగు వేల బండ్లలో చాలావాటి సీటు పూర్తిగా వాలదు. పాప ఆసరా లేకుండా కూర్చునేదాకా, అంటే దాదాపు ఆరో నెల దాటేదాకా, వీపు ఇంచుమించు బల్లపరుపుగా ఉండాలి. మెడ నిలిచినంత మాత్రాన సరిపోదు. గొడుగులా మడిచే సన్నటి బండ్లు ఆ తర్వాతి సంగతి. 6 నుంచి 9 వేల మధ్యలో పూర్తిగా వాలే సీటు, ఐదు చోట్ల పట్టే బెల్టు (రెండు భుజాలు, రెండు నడుము పక్కలు, కాళ్ల మధ్య ఒకటి), 7 కిలోల లోపు బరువు ఉన్నవి వస్తాయి. మీ ఇంటికి ఆ బరువే ముఖ్యం. మోకాళ్ల నొప్పులున్న ఆవిడ రోజూ ఫోయర్ మెట్ల మీద ఎత్తి దించేది బండితోపాటు బిడ్డని కూడా. 12 కిలోల బండి అయితే వారం తర్వాత అది బాల్కనీలో బట్టలారేసుకోవడానికే.

22 కిలోల దాకా మోస్తుందని ఎక్కువ ధర చెబితే పొంగిపోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల్లో ఆడపిల్లల మధ్యస్థ బరువు ఏడాదికి 8.9, రెండేళ్లకి 11.5, మూడేళ్లకి 13.9 కిలోలు. 15 కిలోల దాకా మోసే బండి మీకు చాలు. నడక వచ్చాక పిల్లలు బండిలో కూర్చోవడానికి ఎలాగూ ఒప్పుకోరు.

షాపుకి వెళ్లేటప్పుడు 5 కిలోల బియ్యం సంచి ఒకటి పట్టుకెళ్లండి. నవ్వితే నవ్వనివ్వండి. ఖాళీ బండి ఏదైనా వెన్నలా నడుస్తుంది. సంచి సీటులో పెట్టి, బెల్టు బిగించి, ఒంటిచేత్తో తోస్తూ మలుపు తిప్పండి. ముందు చక్రాలు వణుకుతుంటే అది మన ఎగుడుదిగుడు టైల్స్ మీద ఇంకా ఎక్కువవుతుంది. ఆ చక్రాల్ని తిన్నగా లాక్ చేసే వీలుండాలి, లాక్ చేశాక వణుకు పోవాలి. చక్రాలు మరీ చిన్నవైతే లిఫ్టు గడప సందులో ఇరుక్కోవచ్చు. బ్రేకు ఒక పెడల్‌తో రెండు వెనక చక్రాలకీ పడాలి. బ్రేకు వేసి చేత్తో తోసి చూడండి. మీ సెల్లార్ ర్యాంపు లాంటి వాలు మీద కూడా కదలకూడదు. తర్వాత బండిని మడవమని అత్తయ్యగారికే ఇవ్వండి. ఆవిడ వంగకుండా మడవగలిగి, ఒక్క చేత్తో ఎత్తగలిగితే అది మీ బండి. విప్పినప్పుడు ఫ్రేముకి రెండు లాకులుండాలి, మొదటిది జారినా రెండోది ఆపాలి. చివరికి టేపు తీయండి. బండి వెడల్పు మీ లిఫ్టు తలుపు కంటే, మడిచిన సైజు సిలిండర్ పక్కన మిగిలిన డిక్కీ జాగా కంటే తక్కువుండాలి. ఆ కొలతలు ఇంటి దగ్గరే రాసుకెళ్లండి.

విమానంలో కేబిన్‌లోకి వెళ్తుందని చెప్పే బండ్ల గురించి ఒక మాట. అవి మడిస్తే 44 సెంటీమీటర్ల దాకా వెడల్పు ఉంటాయి, ఇండిగో చేతి సామాను కొలత 55, 35, 25 సెంటీమీటర్లు. ఆ పేరు చూసి రెండు వేలు ఎక్కువ పెట్టొద్దు. మీకు రాజమండ్రి రైలే కాబట్టి ఇంకా అనవసరం. పెట్టెలో నడవా సన్నం, స్టేషన్లో మెట్లు. ఆ ప్రయాణానికి రెండు, రెండున్నర వేల బేబీ క్యారియర్ (పాపని ఒంటికి కట్టుకుని మోసేది) మేలు. పాప తొడలకి కింద ఆసరా ఉండి మోకాళ్లు పిరుదులకంటే కాస్త పైకి ఉండాలి, కాళ్లు వేలాడిపోకూడదు. ముక్కూ నోరూ మీకు కనిపిస్తుండాలి.

ఆడపడుచు ఇస్తానన్న బండి దగ్గర మొహమాటం వద్దు, చూసి తీసుకోండి. స్ట్రోలర్ పాతదైనా పర్వాలేదు, ఈ పరీక్షలు నెగ్గితే. బకుల్ ఒక్క నొక్కుకి ఊడి, లాగితే ఊడకుండా ఉండాలి. బిస్కెట్ ముక్కలు, పాలు లోపల గడ్డకట్టి సగమే పట్టే బకుళ్లు బోలెడు. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టినా బాగవకపోతే ఆ బండి వద్దు. ఫ్రేము మడత దగ్గర పగులు, తుప్పు చూడండి. మడతలో వేలు ఇరుక్కునే సందు ఉందేమో కూడా చూడాలి. 2009 నవంబరులో అమెరికాలో మెక్లారెన్ కంపెనీ దాదాపు 10 లక్షల బండ్లని వెనక్కి పిలవాల్సి వచ్చింది ఆ సందు వల్లే. పిల్లల వేళ్ల చివర్లు తెగిన ఘటనలు 12 నమోదయ్యాయి. మడిచేటప్పుడూ విప్పేటప్పుడూ పాప దూరంగా ఉండాలి, కొత్త బండైనా సరే. వానాకాలం మూలన పడేసిన బండికి గుడ్డలో బూజు పడుతుంది. ఉతికి ఎండలో ఆరేశాక కూడా వాసన పోకపోతే కవర్ మార్చాలి. కిర్రుమంటే కొబ్బరినూనె పోయొద్దు, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. సిలికాన్ స్ప్రే వాడండి. ఇవన్నీ బాగుండి, సీటు పూర్తిగా వాలితే కొత్తది కొనే పని లేదు. వాలకపోతే పాప కూర్చున్నాక వాడుకోవచ్చు, అప్పటిదాకా ఎత్తుకోవడం ఉచితమే.

బండి ఏదైనా, హ్యాండిల్‌కి కూరగాయల సంచి తగిలించొద్దని అత్తయ్యగారికి చెప్పండి. బిడ్డని తీయగానే బండి వెనక్కి పడుతుంది. సామాను కింది బుట్టలో, అదీ రెండు మూడు కిలోల లోపే. ఏప్రిల్, మే ఎండలో బండి మొత్తాన్ని దుప్పటితో కప్పేయడం అలవాటుగా చేస్తారు. లోపల గాలి ఆడక వేడి పెరుగుతుంది. టాపు చాలు, లేదా సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి.

డబ్బు వరుస ఇలా పెట్టుకోండి. ఈ నెల కార్ సీటు, 8 వేలు, నగదు. రాజమండ్రి వెళ్లే ముందు క్యారియర్, 2,500. ఆడపడుచు బండి పనికిరాకపోతేనే స్ట్రోలర్, 7 వేలు. అన్నప్రాసనకి ఏం తెమ్మంటారని చుట్టాలు అడుగుతారు కదా, మూడో నాలుగో వెండి గిన్నె బదులు అందరూ కలిసి బండి ఇప్పించమనండి, తప్పేం లేదు. అన్నీ సొంతంగా కొన్నా 17,500. ట్రావెల్ సిస్టమ్ కంటే 12,500 తక్కువ, మూడు నాలుగేళ్లు వచ్చేదాకా పెద్ద కార్ సీటు మళ్లీ కొనే పనీ ఉండదు. మీవారు సిద్ధపడిన ఆ 2,500 ని జీతం పడే తారీఖున ఆర్‌డీకి (రికరింగ్ డిపాజిట్) వెళ్లేలా పెట్టమనండి. ఏడాదికి 30 వేలు, పైన వడ్డీ.

మీరడగలేదు గానీ, పాపని మీ ఇద్దరి ఆఫీసు హెల్త్ పాలసీల్లో చేర్పించారా? చాలా కంపెనీల్లో పుట్టిన 30 రోజుల్లోపే పేరివ్వాలంటారు. గడువు దాటిందేమో అనుకుని ఊరుకోకుండా, బర్త్ సర్టిఫికెట్ జతచేసి హెచ్‌ఆర్‌కి ఈ వారమే మెయిల్ పెట్టండి. కుదరదంటే రెన్యువల్ తేదీ అడిగి రాసుకోండి, అప్పటిదాకా ఆర్‌డీ డబ్బు కదపకండి.