తెలుగులో చదివి సివిల్స్ రాయవచ్చా?

ప్రశ్న: సివిల్స్ తొలి దశ పరీక్ష ప్రిలిమ్స్ రెండుసార్లు తప్పాను. ‘మనకెందుకమ్మా ఇది’ అంటున్నారు ఇంట్లో. ఇంగ్లీషు రాదని ఇంటర్వ్యూలో తిరస్కరిస్తారని భయం.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీ జిల్లాకే చెందిన రోణంకి గోపాలకృష్ణ గారు ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, తెలుగు సాహిత్యం ఐచ్ఛికాంశంగా ఎంచుకుని, 2016 సివిల్స్‌లో దేశంలోనే మూడో ర్యాంకు సాధించారు. అంతకు ముందు ఆయన కూడా విఫలమైనవారే. రెండో దశ రాతపరీక్ష మెయిన్స్‌ను, ఇంగ్లీషు అర్హత పేపరు తప్ప, తెలుగులో రాయవచ్చు, ఇంటర్వ్యూలోనూ తెలుగులో మాట్లాడవచ్చు. పైగా మొత్తం 2025 మార్కుల్లో ఇంటర్వ్యూకు 275 మాత్రమే. అయితే ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది కనుక, నా ఉద్దేశంలో మీరు జయించవలసింది మాట్లాడే ఇంగ్లీషును కాదు, చదివి అర్థం చేసుకునే ఇంగ్లీషును. రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయం చదివి, దాని సారాంశాన్ని తెలుగులో రాయండి. సాధారణ వర్గానికే ఆరు అవకాశాలున్నాయి. మీరు వాడుకున్నవి రెండే.