మా కుటుంబ సంస్కృతి ఏమిటని పిల్ల అడిగితే

బిడ్డా,

నీ కూతురికి బడిలో ‘మా కుటుంబ సంస్కృతి’ అని రెండు పేజీలు రాసుకురమ్మన్నారనీ, ఏం రాయించాలో తోచక టెన్షన్ పడుతున్నాననీ ఫోన్‌లో అన్నావు. తల్లి వైపు హనుమకొండ, తండ్రి వైపు కోనసీమ, ఉండేది బెంగళూరు, ఇందులో మాది ఏదత్తా అని అడిగావు. ఫోన్‌లో తేలే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను.

ఏదో ఒకటే ఎంచుకోవాలని అనుకోకు. అలాగని ‘మాకు అన్ని పండగలూ ఇష్టమే, భిన్నత్వంలో ఏకత్వం’ అని రాయించకు. పేజీ నిండుతుంది కానీ పిల్లకు ఏమీ తెలియదు. ఏ పద్ధతి ఎవరి నుంచి వచ్చిందో ఆ మనిషిని చెప్పి రాయించు. అమ్మమ్మ ఇలా చేస్తుంది, నానమ్మ అలా చేస్తుంది, ఈ రెండూ మా ఇంట్లో ఉన్నాయి అని రాస్తే చాలు.

అందుకు పెద్దవాళ్లను అడగాలి. ‘మన సంప్రదాయాలు ఏమిటి’ అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు, అందరిలాగే మనమూ అంటారు. చిన్న చిన్నవి అడగాలి. సద్దుల బతుకమ్మకు తంగేడు పువ్వు ఎవరు కోసుకొచ్చేవాళ్లు? గునుగు పువ్వుకు రంగు ఎవరు అద్దేవాళ్లు? సంక్రాంతికి సకినాలు చుట్టడానికి ఎవరింటి ఆడవాళ్లు వచ్చేవాళ్లు? ఇంటెడు మందికీ వండిన మనిషి ఎప్పుడు తిన్నది? ఆ చివరి ప్రశ్న మాత్రం మరిచిపోకు. ఫోన్‌లో రికార్డు చేసుకో, వాళ్లకు చెప్పే చేసుకో.

మీ అత్తమ్మ గారిని కనుమ రోజు గురించి అడుగు. కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పదకొండు ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులను, అంటే శివుడి రూపాలను, వెదురుతో కట్టి రంగు బట్టలతో అలంకరించిన ఎత్తైన ప్రభల మీద భుజాలకెత్తుకుని తెస్తారు. కౌశిక కాలువ నీళ్లలో దిగి, పచ్చని వరి చేలకు అడ్డం పడి వచ్చే ప్రభలున్నాయి. చేను తొక్కుకుపోయినా రైతు ఏమీ అనడట, దేవుడే తన చేలో నడిచాడని సంతోషిస్తాడట. ఇది నేను పేపర్లో చదివిన సంగతి. ఆ పక్క ఊళ్లో పుట్టి పెరిగిన నానమ్మ నోట వింటే పిల్లకు వేరేగా ఉంటుంది.

మన వైపు సంగతికి వస్తే, సద్దుల నాడు చెరువు గట్టున పంచుకునే మలీదా ముద్దలు నీకు తెలుసు. మొహర్రంకు వచ్చే పీర్ల పండక్కీ అదే మలీదా చేస్తాం. మన ఊళ్లో పీర్లను ఎత్తుకునేవాళ్లలో, పీర్లకు దట్టీల బట్టలు కట్టేవాళ్లలో హిందువులే ఎక్కువ. మా నాన్న నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నాడు, లెక్కలు చివరిదాకా ఉర్దూలోనే వేసుకున్నాడు. పొద్దున పూజలో మాత్రం తెలుగు పద్యాలే. ఇందులో అసలైన మన సంస్కృతి ఏదో విడదీసి చూపమంటే నా వల్ల కాదు. నాకు ఆ అవసరమూ కనిపించదు.

మంచివే ఏరి చెప్పొద్దు. మా చిన్నప్పుడు పొలం పనికి వచ్చేవాళ్ల గ్లాసు వేరుగా చూరులో పెట్టేవాళ్లు. మా మేనత్తకు భర్త పోయాక పసుపు కుంకుమలకు ఎవరూ పిలవలేదు, శుభకార్యమంటే ఆమె వెనకింట్లోనే ఉండిపోయేది. అదీ మన ఇంటి సంస్కృతే. పదేళ్ల పిల్లకు అర్థమయ్యేంత వరకు చెప్పు, ఇప్పుడు మనం అలా చెయ్యమని కూడా చెప్పు. పెద్దవాళ్లు చేశారు కాబట్టి ప్రతిదీ దాచుకోవాలనే మాటను నేను ఒప్పుకోను.

నువ్వు ఫోన్‌లో తేలిగ్గా అనేసిన ఇంకో విషయం నన్ను చాలా బాధపెట్టింది. మొన్న పెళ్లిలో పిల్ల ‘మంచిగుంది’ అంటే అల్లుడి వైపు బంధువులు నవ్వారనీ, అప్పటి నుంచి ఆ మాట అనడం మానేసిందనీ చెప్పావు. బిడ్డా, రెండు పేజీలు ఏం రాసినా రాయకపోయినా ఇది మాత్రం వదిలెయ్యకు. పండగలు రెండు వైపులవీ చేసుకోవడం సులువు, రెండు రకాల పిండివంటలు తినడం ఇంకా సులువు. ఇంట్లో రెండు యాసలకూ సమానంగా చోటుందా అన్న దగ్గరే తేలుతుంది మనకు భిన్నత్వమంటే గౌరవం ఉందో లేదో. సినిమాల్లో మన యాసను రౌడీలకూ, నవ్వించే పాత్రలకూ పెట్టిన రోజులు నేను చూశాను. పట్నంలో చదువుకోవడానికి పోయిన మన పిల్లలు నోరు విప్పడానికి జంకేవాళ్లు. ఆ జంకు మళ్లీ నీ ఇంట్లో, నీ కూతురికి రాకూడదు. అల్లుడితో మాట్లాడు. తన వాళ్లకు చెప్పాల్సింది అతను, నువ్వు కాదు.

మన వాళ్లదీ తప్పుంది. 2014లో రాష్ట్రాలు వేరైన తర్వాత కూడా మీ చిన్నాన్న నీ కూతురి ఎదుటే ‘ఆంధ్రోళ్లు’ అని ఒక విసురుతో అంటాడు. ఆ పిల్ల సగం వాళ్ల బిడ్డే కదా, విని ఏమనుకోవాలి? ఆయనతో నేను మాట్లాడతాను, అది నీ మీద పెట్టను.

బెంగళూరును కూడా వదలకండి. పన్నెండేళ్లుగా అక్కడ ఉంటున్నారు. ఉగాది మనకెంతో అక్కడివాళ్లకూ అంతే, మనం పచ్చడి చేసుకుంటే వాళ్లు వేపపువ్వు, బెల్లం కలిపి బేవు బెల్ల తింటారు. పక్కింటి అజ్జిని (అవ్వను) పిల్లే వెళ్లి అడిగి, విన్నది కన్నడలోనే రెండు వాక్యాలు రాసుకోనీ. టీచర్‌కు నచ్చుతుందో లేదో అని చూడకు.

రాసిన పేజీలు ఫొటో తీసి పంపు. నువ్వు దిద్దిన కాపీ వద్దు, పిల్ల రాసిందే కావాలి. ఈ దసరాకు మీ అత్తమ్మ గారిని కూడా తీసుకురా. పువ్వు పేర్చేటప్పుడు పక్కన కూర్చుంటే జగ్గన్నతోట కబుర్లు నేనే అడిగి చెప్పించుకుంటాను. ఆవిడ నంబర్ పంపు, పిలవడం నా నోటితో పిలుస్తాను.

మీ అత్త