పబ్లిక్ రెపోలోకి వెళ్ళిన ఏపీఐ కీ: ఫైల్ తీసేస్తే సరిపోతుందా?

ఏపీఐ కీ (ఒక సర్వీస్‌ని మీ ప్రోగ్రామ్ వాడుకోవడానికి ఇచ్చే కోడ్) ఉన్న ఫైల్ గిట్‌హబ్ పబ్లిక్ రెపోలోకి, అంటే ఎవరైనా చూడగలిగే కోడ్ ఫోల్డర్‌లోకి వెళ్ళిందని, వెంటనే దాన్ని తీసేసి మళ్ళీ కమిట్ చేశానని (మార్పును హిస్టరీలో సేవ్ చేశానని), ఇక టెన్షన్ అక్కర్లేదు కదా అని అడిగారు. అక్కర్లేదని చెప్పలేను. ముందు ఆ సర్వీస్ డాష్‌బోర్డ్‌లోకి వెళ్ళి కీని రద్దు చేయండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

ఫైల్ తీసేసినా పాత కమిట్‌లో కీ అలాగే ఉంటుంది. పబ్లిక్ రెపోల్లో కీల కోసం వెతికే బాట్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. హిస్టరీ మొత్తం తిరగరాసినా, ఈలోపు ఎవరైనా క్లోన్ చేసుకుని ఉంటే ఆ కాపీని మీరేం చేయలేరు. రద్దయిన కీ ఎవరి చేతిలో ఉన్నా పనికిరాదు.

బయటి డెవలపర్లకు కీలు ఇచ్చే సర్వీస్‌లో పనిచేస్తున్నాను. కీ లీకైందని రాసేవాళ్ళు చాలామంది "రద్దు చేస్తే మా యాప్ ఆగిపోదా?" అని వెనకాడతారు. కొత్త కీ పెట్టేదాకా ఆగుతుంది, నిజమే. అయినా లీకైనప్పుడు ఆలోచించకుండా రద్దు చేయాల్సిందే. మామూలు రోజుల్లో మార్చేటప్పుడైతే కొత్తది తయారుచేసి, సర్వర్‌లో పెట్టి, అది పనిచేస్తోందని చూసుకున్నాకే పాతది తీసేయండి. అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లో ఒక ఐఏఎం యూజర్‌కి (ఖాతా లోపల విడిగా అనుమతులిచ్చి తయారుచేసే యూజర్‌కి) ఒకేసారి 2 యాక్సెస్ కీలు ఉండొచ్చు, ఇలా మార్చుకోవడానికి అది బాగా పనికొస్తుంది. పోయిన కీని మళ్ళీ పంపమని కూడా అడుగుతుంటారు. మా దగ్గర దాని హ్యాష్ (కీ నుంచి లెక్కగట్టిన, తిరిగి కీగా మార్చలేని విలువ) మాత్రమే ఉంటుంది, అసలు కీ ఉండదు. అందుకే తయారైనప్పుడు ఒక్కసారే చూపిస్తాం.

కొత్త కీని డాట్ ఈఎన్‌వీ ఫైల్‌లో (కోడ్‌కి విడిగా సెట్టింగులు ఉంచే ఫైల్‌లో) పెట్టి, ఆ ఫైల్ పేరు గిట్‌ఇగ్నోర్‌లో (రెపోలోకి వెళ్ళకూడని ఫైళ్ళ జాబితాలో) రాయండి. రియాక్ట్ లాంటి ఫ్రంటెండ్‌లో మాత్రం ఇది కాపాడదు. బిల్డ్ చేసినప్పుడు ఆ విలువ జావాస్క్రిప్ట్‌లోకే వచ్చేస్తుంది, బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిస్తే ఎవరికైనా కనిపిస్తుంది. రహస్యంగా ఉండాల్సిన కీతో చేసే పనిని మీ సర్వర్ నుంచే చేయించండి. గూగుల్ మ్యాప్స్ కీ లాంటివి బ్రౌజర్‌లో ఉండక తప్పదు కాబట్టి వాటిని మీ డొమైన్‌కీ, మీరు వాడే ఏపీఐలకీ మాత్రమే పరిమితం చేయండి.

కీని యూఆర్‌ఎల్‌లో కాకుండా హెడర్‌లో (రిక్వెస్ట్‌తో పాటు విడిగా వెళ్ళే సమాచారంలో) పంపండి, యూఆర్‌ఎల్ సర్వర్ లాగ్స్‌లో మిగిలిపోతుంది. చదవడానికే వాడే కీకి రాసే అనుమతి ఇవ్వకండి. బిల్లింగ్ అలర్ట్ పెట్టుకోండి, కానీ గూగుల్ క్లౌడ్‌లో బడ్జెట్ అలర్ట్ మెయిల్ పంపుతుందే తప్ప ఖర్చును ఆపదు. ఆపాలంటే కోటా (ఎన్ని కాల్స్ చేయొచ్చనే పరిమితి) తగ్గించాలి.

రద్దు చేశాక, కీ బయటపడినప్పటి నుంచి ఉన్న వాడకం లాగ్ తప్పకుండా చూడండి. మీవి కాని ఐపీల నుంచి కాల్స్ కనిపిస్తే, ఆ సమయాలు రాసి సపోర్ట్‌కి పంపండి. బిల్లు వచ్చేదాకా ఆగకండి.