బంతిని నేల చూసి కొను

చిన్నా,

మొన్న ఫోన్‌లో అడిగితే తొందరలో ఉండి సగమే చెప్పాను. కొని నెల తిరక్కుండానే ఫుట్‌బాల్ గుమ్మడికాయలా ఒక పక్కకి ఉబ్బిందనీ, ఈసారి ఖరీదైనదే కొంటాననీ అన్నావు. ఆ "ఖరీదైనదే" అన్న మాట పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఖరీదు చూసి బంతి కొనకురా. నువ్వు ఆడే నేల చూసి కొను.

ఇన్నేళ్లు పిల్లలకి ఆట నేర్పాను కదా, తన్ని తన్ని పాడైన బంతులు నేను చూసినవి తక్కువే. గరుకు నేల మీద ఆడీ, ఎండలో వదిలేసీ, గాలి కొట్టడం చేతగాకా పాడుచేసినవే ఎక్కువ. అందులో నా చేతుల్లో పోయినవీ ఉన్నాయి.

ముందు నేల సంగతి. మంచి మ్యాచ్ బంతికి పైపొర పాలీయురెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్, అందరూ పీయూ అంటారు. మెత్తగా ఉంటుంది, కాలికి హాయి, తల మీద పడినా దిమ్మెక్కదు. కానీ అది పచ్చిక కోసం పుట్టింది. కంకర నేల మీదో సిమెంటు మీదో ఆడితే కొద్ది వారాల్లో పైపొర లేచిపోతుంది. అలాంటి చోట పీవీసీ పైపొర ఉన్నదో, రబ్బరు బంతో తీసుకో. అవి కాస్త గట్టివి, అంత ముచ్చటగా కదలవు, కానీ గీతలకి తట్టుకుంటాయి. మీరు వారంలో నాలుగు రోజులు గట్టి నేల మీద ఆడి, ఆదివారం మాత్రమే పచ్చిక మీదికి వెళ్తారన్నావు. అయితే ఒక్క ఖరీదైన బంతి కంటే మామూలువి రెండు మేలు. సాధనకొకటి, మ్యాచ్‌కొకటి. రెండోదాన్ని గట్టి నేల మీద దించనివ్వకు, ఎవరు బతిమాలినా సరే.

సైజు విషయంలో మొహమాటం వద్దు. పెద్దవాళ్లు ఆడేది ఐదో నంబరు: చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకి నాలుగో నంబరు, అంతకంటే చిన్నవాళ్లకి మూడు. "ఎలాగూ పెరుగుతారు కదా" అని చెప్పుల్లా ఒక సైజు పెద్దది కొనేవాళ్లుంటారు. పెద్ద బంతిని కదిలించలేక పిల్లవాడు బొటనవేలితో పొడవడం మొదలుపెడతాడు. ఆ అలవాటు మాన్పించడానికి నాకు ఒక్కోసారి రెండేళ్లు పట్టింది. ఇండోర్‌లో ఫుట్సల్, అంటే హాల్లో ఆడే చిన్న ఫుట్‌బాల్, ఆడేటట్టయితే దాని బంతి వేరే. చూడ్డానికి నాలుగో నంబరంతే ఉన్నా బరువు 400 నుంచి 440 గ్రాములు, కావాలనే ఎగరకుండా చేస్తారు. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే మొదటి ఎగురు 50 నుంచి 65 సెంటీమీటర్లే ఉండాలి. దాన్ని బయట మైదానంలో వాడకు, బయటి బంతిని లోపల వాడకు.

బంతి మీద ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ముద్ర ఉంటే చూడు. ఫిఫా బేసిక్, ఫిఫా క్వాలిటీ, ఫిఫా క్వాలిటీ ప్రో అని మూడు మెట్లు. ప్రో ముద్ర వేసే ముందు బంతిని గంటకి 50 కిలోమీటర్ల వేగంతో ఉక్కు పలక మీదికి 2000 సార్లు కొడతారు. నీళ్లలో పెట్టి 250 సార్లు నొక్కి, ఎంత నీరు తాగిందో తూస్తారు. ఇది చదివి "అయితే మన గోడకి కొడితే ఏం కాదు" అనుకునేవు. ఆ పలక నున్నగా ఉంటుంది, మన గోడ ఆకురాయిలా ఉంటుంది. మీ కుర్రాళ్లకి బేసిక్ చాలు. ప్రో కోసం ఎగబడక్కర్లేదు.

కుట్టిన బంతా, అతికించిన బంతా అని కూడా అడిగావు. ఆరు కోణాల ముక్కలు 20, ఐదు కోణాలవి 12, మొత్తం 32 ముక్కలు కుట్టిన నలుపు తెలుపు బంతే అందరి కళ్లలో మెదులుతుంది. 1970 ప్రపంచకప్‌లో టీవీలో స్పష్టంగా కనబడాలని ఆ రంగులేశారు. 2006 ప్రపంచకప్ నుంచి వేడితో అతికించిన ముక్కలొచ్చాయి, 2014 నాటికి ఆరు ముక్కలకి దిగింది. అతికించినదానిలోకి నీరు అంతగా దిగదు. వానల్లో ఆడేవాళ్లకి అదే నయం. మామూలుగా అయితే చేత్తో బాగా కుట్టినది నాకిప్పటికీ ఇష్టం. ఇందులో తర్కం లేదు, అభిమానం.

కొనేటప్పుడు ఒక్క పని చెయ్యి. గాలి నిండిన బంతిని రెండు చేతులతో గిర్రున తిప్పుతూ పైకి విసురు. మీద ఉన్న బొమ్మ నిలకడగా తిరిగితే గుండ్రంగా ఉన్నట్టు. ఊగిసలాడితే పక్కన పెట్టెయ్. లోపల గాలి పట్టే రబ్బరు సంచి, అదే బ్లాడర్, ఏ రకం రబ్బరుదో కూడా అడుగు. లేటెక్స్ అయితే బంతి చురుగ్గా కదులుతుంది, కానీ కొద్ది రోజులకే గాలి దిగిపోతుంది. బ్యుటైల్ అయితే వారాల తరబడి గాలి పట్టి ఉంచుతుంది. నీకు బ్యుటైలే. రోజూ పంపు పట్టుకునే ఓపిక నీకు లేదని నాకు తెలియదా!

ఇక అసలు సంగతి, గాలి.

పంపు సూదిని ఎప్పుడూ పొడిగా గుచ్చకు. ఒకసారి మ్యాచ్ రోజు పొద్దున తొందరలో పొడి సూది గుచ్చి, అది దిగకపోతే అటూ ఇటూ తిప్పాను. సూది దించే చోట ఉండే వాల్వ్ పెదవి చిరిగి, వాల్వ్ కాస్తా బ్లాడర్ లోపలికి జారిపోయింది. కొత్త బంతి, ఒక్క తన్నూ తినలేదు. అప్పటి నుంచి పంపుతో పాటు గ్లిజరిన్ సీసా నా సంచిలోనే ఉంటుంది. సూదికి ఒక చుక్క రాసి, నిటారుగా, నెమ్మదిగా దించు. వంటనూనె, వ్యాజిలిన్ పొరపాటున కూడా రాయకు, రబ్బరుని తినేస్తాయి. సూది వంగితే సరిచేసి వాడకు, పారెయ్.

ఎంత గాలి అనేది వాల్వ్ పక్కనే అచ్చువేసి ఉంటుంది. ఆట నియమాల ప్రకారం 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్లు, అంటే 8.5 నుంచి 15.6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి అని). కానీ నీ బంతి మీద ఏం రాసి ఉందో అదే నీకు శాసనం. బొటనవేలితో నొక్కి చూసే అలవాటు మాను, మీటరున్న చిన్న గేజ్ ఒకటి కొనుక్కో. నా వేళ్లే ఎన్నోసార్లు నన్ను మోసం చేశాయి. వాహనాల టైర్లకి కొట్టే యంత్రంతో మాత్రం కొట్టించకు. కన్ను మూసి తెరిచేలోపు ఎక్కువైపోతుంది. నీ బంతి ఉబ్బింది అందుకేనని నా అనుమానం. పైపొర కింద గుడ్డ పొరలుంటాయి. గాలి ఎక్కువై ఒకచోట అవి చిరిగితే బ్లాడర్ అటు తోసుకొస్తుంది. దానికి మందు లేదు. అలాగని గాలి తక్కువ పెట్టి ఆడినా తన్నినప్పుడల్లా పైపొర మడతపడి పగుళ్లిస్తుంది.

ఎండా చలీ కూడా లెక్కలోకి తీసుకో. 30 డిగ్రీల్లో 0.8 బార్ (బార్ అంటే దాదాపు ఒక అట్మాస్ఫియరే) నింపిన బంతి, 15 డిగ్రీల చలిలో చిల్లు లేకుండానే 0.7 దగ్గరికి దిగుతుంది. అదే బంతిని ఎండలో మూసి ఉన్న కారులో వదిలేసి లోపల 60 డిగ్రీలైతే ఒకటికి చేరువవుతుంది. అందుకని ఆడబోయే చోటే, ఆటకి ముందు గాలి చూసుకో.

ఆట అయ్యాక తడిగుడ్డతో తుడువు. బురద ఎక్కువుంటే కాస్త సబ్బు నీళ్లు, అంతే. బంతిని బట్టలుతికే యంత్రంలో వేసినవాణ్ణి ఒకణ్ణి నేను కళ్లారా చూశాను. నీడలో, గాలి తగిలేచోట ఆరనివ్వు. మా చిన్నప్పటి తోలు బంతులైతే వానలో నీళ్లు తాగి రాయిలా బరువెక్కేవి, తల పెట్టాలంటే గుండె దడదడలాడేది. ఇప్పటివి అలా కాకపోయినా కుట్ల సందుల్లో తడి నిలిస్తే దారం పాడవుతుంది. నెలల తరబడి ఆడకపోతే కొంచెం గాలి వదిలి దాచు, పూర్తిగా కాదు. మీ కుర్రాళ్లు విశ్రాంతిలో బంతి మీద కూర్చుంటారు చూశావా, అది మాన్పించు. గుండ్రనిది గుడ్డులా అయ్యేది అక్కడే.

గాలి ఊరికే దిగిపోతుంటే ముందు వాల్వ్ మీద సబ్బు నురగ రాసి చూడు. బుడగలొస్తే రెండు చుక్కల గ్లిజరిన్ వేసి, సూది ఒకసారి దించి తీస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. బుడగలు కుట్ల దగ్గరొస్తే లోపల బ్లాడర్‌కి చిల్లు పడ్డట్టే. చేత్తో కుట్టినదాన్నయితే విప్పి మార్చగలిగేవాళ్లుంటారు, అతికించినదాన్ని ఎవరూ విప్పలేరు.

ఆ ఉబ్బిన బంతిని పారెయ్యకు. సగం గాలి తీసేసి నడక నేర్చుకునే పిల్లలకివ్వు, వాళ్లకి వంకర టింకరగా దొర్లే బంతంటేనే సరదా. నా పాత పంపు పంపిస్తున్నాను. హ్యాండిల్ కాస్త వదులుగా ఉంటుంది, పని చేస్తుంది. సూదులు మాత్రం కొత్తవి కొనుక్కో.

మీ మామయ్య