మెమోలో ఆ అక్షరం సంగతి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న దీవెనలు.

నువ్వు పంపిన మార్కుల షీటు ఫొటో చూశాను. పిల్లవాణ్ని స్టేట్ సిలబస్ మాన్పించి సీబీఎస్ఈలో తొమ్మిదిలో చేర్చారు, మొదటి టర్మ్‌లోనే సైన్సులో బీ1 వచ్చింది, నువ్వూ మీ ఆయనా దిగాలుపడి కూర్చున్నారు. "పాత స్కూల్లో అన్నీ ఏ1లే కదా పెదనాన్నా, వీడికేమైంది?" అని అడిగావు. వాడికేమీ కాలేదమ్మా. ఆ ఫొటో కాస్త పెద్దది చేసి చూడు, బీ1 పక్కనే 79 అని ఉంది. ఇంకో రెండు మార్కులొస్తే అది ఏ2. 71 వచ్చినవాడూ 80 వచ్చినవాడూ ఒకే గ్రేడు, 80కి 81కి మాత్రం గ్రేడు మారిపోతుంది. మార్కు కనిపిస్తున్నప్పుడు అక్షరం చూసి బెంగపడటం దేనికి?

స్కూలు ఇచ్చే షీటులో లెక్క నీకు తెలిసినదే. 91 నుంచి పైకి ఏ1, 81 నుంచి ఏ2, 71 నుంచి బీ1, అలా పదేసి చొప్పున కిందికి దిగుతుంది. 33 నుంచి 40 దాకా డీ, అంతకంటే తక్కువైతే ఈ (E), అంటే తప్పినట్టే. మన తెలంగాణ స్టేట్ టెన్త్‌లోనూ ఇంచుమించు ఇవే మెట్లు, కాకపోతే అక్కడ పాసుకి 35 కావాలి. ఇక్కడివరకూ తికమకేమీ లేదు.

తికమకంతా వచ్చే ఏడాది, పదో తరగతి బోర్డు మెమో చేతికొచ్చాక మొదలవుతుంది. ఇది ఇప్పుడే చెప్పి పెడుతున్నా. దానిమీదా ఏ1, ఏ2, బీ1 అనే ఉంటాయి, కానీ ఆ అక్షరాలకు 91తోనూ 81తోనూ సంబంధం ఉండదు. బోర్డు ఏం చేస్తుందంటే, ఒక సబ్జెక్టులో పాసైన వాళ్లందరినీ మార్కుల వరుసలో పెట్టి ఎనిమిది భాగాలు చేస్తుంది. పై భాగంలో ఉన్నవాళ్లకు ఏ1, తర్వాతి భాగానికి ఏ2, ఆ తర్వాత బీ1, బీ2, సీ1, సీ2, డీ1, చివరి భాగానికి డీ2. తప్పినవాళ్లకు ఈ. లెక్క కోసం ఎనిమిది వందల మంది పాసయ్యారనుకో, మొదటి వందమంది ఏ1. నూరో వాడికి, నూటొకటో వాడికి ఒకే మార్కు వస్తే ఇద్దరికీ ఒకే గ్రేడు ఇస్తారు, అందుకని భాగాలు అటూ ఇటూ కాస్త జరుగుతాయి.

దీంతో ఏమవుతుందో చూడు. అందరూ దండిగా మార్కులు తెచ్చుకునే సబ్జెక్టులో మనవాడికి 91 వచ్చినా ఏ2యో బీ1యో పడొచ్చు. పేపరు కష్టంగా వచ్చి అందరూ తడబడిన సబ్జెక్టులో అంతకన్నా తక్కువ మార్కుకే ఏ1 రావచ్చు. అంటే ఒకే మెమోలో ఎక్కువ మార్కు పక్కన చిన్న గ్రేడు, తక్కువ మార్కు పక్కన పెద్ద గ్రేడు కనిపించొచ్చు. అది అచ్చుతప్పు కాదు. మార్కు వాడు ఎంత రాశాడో చెబుతుంది, అక్షరం మిగతావాళ్ల మధ్య వాడు ఎక్కడున్నాడో చెబుతుంది. జేఈఈ మెయిన్‌లో పర్సంటైల్ అంటారే, ఆలోచన దానికి దగ్గరిదే. ఆ రోజు మీ అపార్టుమెంటులో ఎవరో "మావాడికి అయిదు ఏ1లు" అని లిఫ్టులో అంటారు. అననీ. నువ్వు మార్కులు చూసుకో.

ఇంకో మాట. ఎవరైనా గ్రేడు పాయింట్లని 9.5తో గుణించి పర్సంటేజీ తీయమంటే వినకు. అది సీసీఈ, అంటే ఏడాది పొడవునా అంచనా వేసి గ్రేడులిచ్చే పద్ధతి, నడిచిన రోజుల లెక్క. 2010 నుంచి 2017 దాకా సీబీఎస్ఈ టెన్త్ మెమోల మీద మార్కులుండేవి కావు, సీజీపీఏ, అంటే గ్రేడు పాయింట్ల సగటు, మాత్రమే ఉండేది, అందుకని ఆ గుణకారం అవసరమైంది. 2018లో మళ్లీ అందరికీ బోర్డు పరీక్ష పెట్టాక మార్కులు కనిపిస్తూనే ఉన్నాయి, ఇంక గుణించేదేముంది? మన తెలంగాణ ఎస్సెస్సీలోనూ 2025 నుంచి జీపీఏ పోయి మార్కులొచ్చాయి. మొత్తం పర్సంటేజీ మాత్రం సీబీఎస్ఈ మెమోలో వెతక్కు, బోర్డు వెయ్యదు. డిస్టింక్షనూ ఇవ్వదు. అయిదు సబ్జెక్టులు కలపాలా, ఏ అయిదు కలపాలా అన్నది చేరబోయే కాలేజీవాళ్లనే అడగాలి.

పాసు లెక్కలోనూ తేడా ఉంది. సబ్జెక్టుకి రాత పరీక్ష 80, స్కూలు వేసేవి 20. స్టేట్ టెన్త్‌లో చాలా సబ్జెక్టుల్లో రాతలో విడిగా 28 రావాలి. సీబీఎస్ఈ పదిలో రెండూ కలిపి 33 వస్తే చాలు. మనవాడికి పాసు బెంగ లేదులే, కానీ ఆ ఇరవై మీద మీ ఇంట్లో ఎవరికీ శ్రద్ధ ఉన్నట్టు కనబడలేదు. పీరియాడిక్ టెస్టులకు అయిదు, క్విజ్‌లు, నోటిమాట పరీక్షల్లాంటి వాటికి అయిదు, పోర్ట్‌ఫోలియోకి, అంటే వాడు ఏడాదంతా చేసిన పనులు కూర్చిన ఫైలుకి, అయిదు, ల్యాబూ ప్రాజెక్టుల్లాంటి వాటికి అయిదు. ఇవి ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా పడే మార్కులు. ప్రాజెక్టుని ఆఖరి రాత్రి నువ్వు కూర్చుని అట్టలు అంటించి పంపే పద్ధతి ఇప్పుడే మానుకో.

2026 నుంచి పదో తరగతి బోర్డు పరీక్ష ఏడాదికి రెండుసార్లు. ఫిబ్రవరిలో మొదలయ్యేది అందరూ రాయాల్సిందే. మేలో జరిగేది ఇష్టమున్నవాళ్లు మూడు సబ్జెక్టుల దాకా మార్కులు పెంచుకోవడానికి. రెండింట్లో ఎక్కువ వచ్చినదే లెక్క. మొదటిసారి మూడు, అంతకుమించి సబ్జెక్టులు ఎగ్గొడితే రెండోసారి కూర్చోనివ్వరు. ఆ ఇరవై మార్కులు మాత్రం ఒక్కసారే వేస్తారు. మే పరీక్ష సంగతి వాడికి ఎలాగూ స్నేహితులు చెబుతారు, నువ్వు పనిగట్టుకుని "ఇంకో ఛాన్సుందిలేరా" అనకు.

ఇక ప్రస్తుతానికొద్దాం. సైన్సు 79లో పోయిన 21 ఎక్కడ పోయాయో చూశావా? పేరెంట్స్ మీటింగులో గ్రేడు గురించి అడిగితే టీచరు "బానే చదువుతాడండీ, ఇంకాస్త కష్టపడాలి" అని పంపించేస్తారు. జవాబు పేపరు అడుగు. దాన్ని వాడి పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్న దగ్గరా చూడు. తెలియక వదిలేశాడా, తెలిసీ యూనిట్లు రాయక సగం మార్కు పోగొట్టుకున్నాడా, లేక పేరా ఇచ్చి దాన్నిబట్టి జవాబు రాయమన్న ప్రశ్న అర్థం కాలేదా? నా అనుమానం మూడోదే. స్టేట్ సిలబస్‌లో వాడు గైడు ప్రశ్నలకు అలవాటుపడ్డాడు. సీబీఎస్ఈ పది పేపర్లలో సగం ప్రశ్నలు విషయాన్ని కొత్త సందర్భంలో వాడి చూపమనేవే. అలాంటివి బోర్డు ఏటా తన వెబ్‌సైట్‌లో పెట్టే నమూనా పేపర్లలో ఉంటాయి, మార్కులెలా వేస్తారో ఆ వివరంతో సహా. డబ్బు కట్టక్కర్లేదు. వారానికి ఒకటి చేయించు.

జవాబు పేపరు దొరికితే మొదటి పేజీ ఒక్కటే కాదు, అన్ని పేజీలూ ఫొటో తీసి పంపు. ఆదివారం పొద్దున్నే వీడియో కాల్ చేయి, వాణ్ని పక్కన కూర్చోబెట్టు. నీతో కాదు, వాడితో మాట్లాడతాను.

పెదనాన్న