డిస్క్ పాడవలేదు, ‘ది వికర్ మ్యాన్’ అంతే
మధ్యమధ్యలో బొమ్మ మసకబారుతోందని డిస్క్ మార్చేయకండి. 1973 నాటి ఈ సినిమా పొడవాటి వెర్షన్‌లో, కోత పడిన సీన్లను వీడియో టేపు నుంచి తెచ్చి అతికించారు. ఏ ప్లేయర్‌లో వేసినా అంతే.

థియేటర్ వెర్షన్ సుమారు 88 నిమిషాలు. అందులో తప్పిపోయిన అమ్మాయిని వెతుక్కుంటూ వచ్చిన పోలీసు సార్జెంట్ హోవీ దీవిలో గడిపేది ఒక్క రాత్రే. పొడవాటి దాంట్లో రెండు. మొదటి రాత్రి దీవి యజమాని లార్డ్ సమ్మరైల్ ఓ కుర్రాణ్ణి, హోవీ దిగిన సత్రం యజమాని కూతురు విల్లో దగ్గరికి పంపుతాడు. నత్తలు పాకుతుంటాయి, కింద బార్‌లో జనం మెల్లగా పాడుతుంటారు. ఇది చూశాకే మర్నాడు రాత్రి విల్లో కవ్వింపుకి హోవీ పడే యాతన అర్థమవుతుంది.

నా ఓటు 2013లో వచ్చిన ‘ఫైనల్ కట్’ అనే వెర్షన్‌కే. రెండు రాత్రులూ ఉన్నాయి, బొమ్మ కూడా నయం. మొదట్లో పోలీస్ స్టేషన్ సీన్ ఉండదు, పోతే పోయింది.